బోరు నీరు ఉప్పగా మారినప్పుడు కర్బూజకు పోషకాలు అందించడం ఎలా: విశాఖ తీరపు రైతులకు

కర్బూజ తీగల అడుగు ఆకుల అంచులు మాడటం మొదలైతే పొటాష్ చాలలేదని భావించి మరో విడత ఎరువు వేయడం సాధారణంగా జరిగే పని. భీమిలి నుంచి, ప్రస్తుతం అనకాపల్లి జిల్లాలో ఉన్న పూడిమడక వరకు, సముద్రానికి దగ్గరగా ఉన్న పొలాల్లో ఆ మాడుకు ఎరువు కొరత కారణం కాకపోవచ్చు. ఫిబ్రవరి దాటి బోరులో నీటి మట్టం దిగిన తరువాత ప్రతి తడితోనూ పొలంలోకి చేరే ఉప్పును ముందుగా అనుమానించాలి. నేలలో పొటాషియం ఉన్నా, నత్రజని ఉన్నా, వేరు వాటిని అందుకోలేని పరిస్థితి ఏర్పడుతుంది. అటువంటి పొలంలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తే, అందులో దాదాపు సగం బరువు క్లోరైడ్ కనుక, రైతు డబ్బు పెట్టి మరీ ఉప్పును పెంచినట్లవుతుంది. అందుచేత ఉప్పునీటి కింద కర్బూజ గాని, పుచ్చ గాని వేసేవారు ఎరువుల పట్టిక కంటే ముందు నీటి పరీక్ష పత్రాన్ని చదవడం నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పత్రాన్ని ఎలా చదవాలో, దానిని బట్టి ఎరువులను, తడులను ఎలా మార్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఉప్పు బోరులోకి ఎలా వస్తుంది

తీరంలోని ఇసుక పొరల్లో మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కనుక దాని మీద తేలుతూ ఉంటుంది. భూగర్భ జలశాస్త్రంలో దీనికి చాలా కాలంగా వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది: సముద్ర మట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, సముద్ర మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది. దీనిని తిరగేసి చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. మోటారు నడిచి పై మట్టం ఒక్క మీటరు తగ్గితే, కింద ఉన్న ఉప్పునీటి హద్దు కాలక్రమేణా 40 మీటర్ల వరకు పైకి జరగగలదు. గోస్తని నది భీమిలి వద్ద సముద్రంలో కలిసే చోట, నదిలో ప్రవాహం సన్నగిల్లే వేసవిలో, పోటుతో ఏటిలోకి వచ్చే ఉప్పునీటి ప్రభావం కూడా దీనికి తోడవుతుంది.

ఎంత ఉప్పునీరు కలిస్తే హాని మొదలవుతుందని అడిగితే, చాలా కొద్దిగా అనే చెప్పాలి. సముద్రపు నీటి విద్యుత్ వాహకత, అంటే ల్యాబు వారు ఇ.సి. అని రాసే సంఖ్య, మీటరుకు సుమారు 50 డెసీసైమన్లు ఉంటుంది. వంద లీటర్ల బోరు నీటిలో రెండు లీటర్ల సముద్రపు నీరు చేరితే చాలు, ఇ.సి. దాదాపు 1 పెరుగుతుంది. ఆ రెండు లీటర్లతోనే ప్రతి లీటరులో 200 మిల్లీగ్రాములకు పైగా సోడియం, దాదాపు 390 మిల్లీగ్రాముల క్లోరైడ్ అదనంగా వచ్చి చేరతాయి. క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాముల దగ్గరకు వస్తే గాని నాలుకకు ఉప్పదనం సరిగా తెలియదు. కర్బూజకు ఆ లోపలే తేడా మొదలవుతుంది కనుక రుచి చూసి నీటిని తేల్చడం సరికాదు.

రుచి మరో విధంగా కూడా మోసం చేస్తుంది. ఉప్పునీరు కొత్తగా పొరల్లోకి చొచ్చుకొచ్చేటప్పుడు అందులోని సోడియం మట్టి రేణువులకు అంటుకుని, అక్కడున్న కాల్షియాన్ని నీటిలోకి తోసేస్తుంది. అప్పుడు నీరు కటువుగా, ఉప్పగా ఉంటుంది. వర్షాల తరువాత మంచినీరు తిరిగి చేరినప్పుడు ఇదే పని వ్యతిరేక దిశలో జరుగుతుంది. నీటిలోని కాల్షియాన్ని మట్టి పట్టుకుని సోడియాన్ని వదులుతుంది. ఆ నీరు నోటికి తియ్యగానే ఉన్నా, అందులో సోడియం బైకార్బొనేట్ అధికంగా ఉండి నేలను క్రమంగా కారుచౌడుగా, అంటే సోడియం పేరుకుని గట్టిపడే నేలగా, మారుస్తుంది. కాబట్టి డిసెంబరులో విత్తే ముందు ఒకసారి, కాయ కట్టే దశలో మరొకసారి నీటిని పరీక్ష చేయించాలి. ఒకే బోరు ఈ రెండు నెలల్లో రెండు రకాల నీరు ఇవ్వవచ్చు.

పోషకాలకు అడ్డు ఎక్కడ పడుతుంది

సోడియం, పొటాషియం అయాన్లు వేరుకు దాదాపు ఒకే తీరుగా కనిపిస్తాయి. వేరు పొర మీద పొటాషియం లోపలికి పోయే దారుల్లో కొన్ని సోడియానికి కూడా దారి ఇస్తాయి కనుక, నీటిలో సోడియం పదింతలు ఉన్నప్పుడు పొటాషియం వెనకబడుతుంది. ఆకులో పొటాషియం తగ్గితే ఆకు రంధ్రాలు తెరుచుకుని మూసుకునే క్రమం దెబ్బతింటుంది, ఆకులో తయారైన చక్కెర కాయకు చేరడం మందగిస్తుంది. ఈ పోటీలో వేరుకు అండగా నిలిచేది కాల్షియం. వేరు కణాల పొర చెదరకుండా, ఏ అయాన్‌ను రానివ్వాలో ఏది వద్దో ఎంచుకునే శక్తి పోకుండా కాపాడేది అదే. నేల నీటిలో తగినంత కాల్షియం ఉంటే అదే మోతాదు సోడియం చేసే హాని గణనీయంగా తగ్గుతుంది. ఉప్పునీటి సేద్యంలో నేను పొటాష్ కంటే ముందు కాల్షియం గురించి మాట్లాడటానికి కారణం ఇదే.

క్లోరైడ్ చేసే పని వేరు. అది నైట్రేట్‌తో పోటీ పడుతుంది. రెండూ ఒకే రకం ఆవేశం గల అయాన్లు కనుక, క్లోరైడ్ ఎక్కువైన కొద్దీ మొక్క తీసుకునే నైట్రేట్ తగ్గుతుంది. ఉప్పు వల్ల నేలలోని సూక్ష్మజీవుల పని కూడా మందగిస్తుంది. యూరియా నుంచి వచ్చిన అమ్మోనియం నైట్రేట్‌గా మారడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఈ అమ్మోనియం మళ్ళీ కాల్షియానికే అడ్డు పడుతుంది. యూరియా వేసిన తరువాత కూడా తీగ సాగకపోవడం, ఆకులు చిన్నవిగా, ముదురు ఆకుపచ్చగా ఉండిపోవడం ఇలాంటి పొలాల్లో తరచుగా కనిపించే లక్షణం. మామూలు నత్రజని లోపంలో అడుగు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఉప్పు ఒత్తిడిలో ఆకు రంగు ముదిరి, పరిమాణం తగ్గుతుంది. ఈ తేడా పొలంలో నిలబడి గుర్తించవలసిన మొదటి విషయం.

కాల్షియం కథలో మరో మెలిక ఉంది. ఈ పోషకం మొక్కలో నీటితో పాటే పైకి వెళుతుంది, ఎక్కువగా నీటిని ఆవిరి చేసే ఆకులకే చేరుతుంది, ఒకసారి ఆకులో నిలిచిన తరువాత అక్కడి నుంచి కాయకు తిరిగి రాదు. ఉప్పు వల్ల వేరు నీటిని పీల్చడమే కష్టమైనప్పుడు, ఆవిరి తక్కువగా పోయే కాయకు అందే వాటా మరింత పడిపోతుంది. పుచ్చకాయలో పూత వైపు చివర మెత్తబడి నల్లగా కుంగడం, కర్బూజలో గుజ్జు నీరు పట్టినట్లు గాజులా మారడం ఈ కొరత వల్ల వచ్చే లోపాలే. సముద్రపు నీటిలో మెగ్నీషియం కాల్షియం కంటే బరువులో మూడింతలు ఉంటుంది కనుక, ఉప్పునీరు బాగా చొచ్చిన బోర్లలో మెగ్నీషియం కూడా కాల్షియానికి పోటీగా తయారవుతుంది.

భాస్వరం విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు: ఉప్పులో వేరు పొడుగు సాగదు, భాస్వరం నేలలో తనంతట కదలదు, అందుచేత రెండూ కలుసుకోవు. బైకార్బొనేట్ ఎక్కువైన నీటిలో ఇనుము, జింకు కూడా అందుబాటులోకి రావు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు పచ్చబడుతుంది.

ఇవన్నీ ఒకేసారి జరిగినప్పుడు కాయలో కనిపించే మార్పు కొంత ఆశ్చర్యకరంగా ఉంటుంది. మితమైన ఉప్పులో కర్బూజ చిన్నదవుతుంది గాని తీపి శాతం పెరుగుతుంది, ఎందుకంటే కాయలోకి చేరే నీరు తగ్గి చక్కెర గాఢమవుతుంది. ఎం.వి.పి. కాలనీ రైతు బజారులో కొనేవారు ఆ తీపిని మెచ్చుకోవచ్చు, కానీ రైతుకు డబ్బు వచ్చేది కిలోల లెక్కన. తీపి పెరిగింది కనుక ఉప్పు మేలే చేస్తుందని కొందరు అనుకోవడం నాకు ఆందోళన కలిగిస్తుంది, ఎందుకంటే ఆ దశ దాటిన తరువాత తీపి కూడా నిలవదు.

పరీక్షకు ఏమి అడగాలి

నీటి నమూనా కోసం మోటారును కనీసం 20 నిమిషాలు నడిపి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి మిగలకుండా అంచు వరకు నింపి, ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేర్చాలి. ఎరువులు కలిపిన డ్రిప్ లైను నుంచి నమూనా తీయకూడదు. ఇ.సి., ఉదజని సూచికతో పాటు కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడ్, కార్బొనేట్, బైకార్బొనేట్ కూడా కావాలని స్పష్టంగా అడగాలి. వీలైతే అన్నింటినీ లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో ఇవ్వమనాలి. మిల్లీగ్రాముల్లో ఇస్తే కాల్షియాన్ని 20తో, మెగ్నీషియాన్ని 12తో, సోడియాన్ని 23తో, క్లోరైడ్‌ను 35.5తో, బైకార్బొనేట్‌ను 61తో భాగిస్తే సరిపోతుంది.

మట్టి గురించి ఒక హెచ్చరిక అవసరం. 2015లో మొదలైన భూసార పరీక్ష కార్డుల పథకంలో 12 అంశాలను పరీక్షిస్తారు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, ఇ.సి., సేంద్రియ కర్బనం. ఈ జాబితాలో సోడియం లేదు, క్లోరైడ్ లేదు, కాల్షియం కూడా లేదు. కార్డులో పొటాష్ ‘ఎక్కువ’ అని ఉన్న పొలంలో తీగలు పొటాష్ లోపంతో కనిపించడానికి సమాధానం ఆ కార్డులో దొరకదు. అలాగే కార్డులోని ఇ.సి. మట్టిని ఎక్కువ నీటిలో కలిపి కొలిచినది. వేరు ఎదుర్కొనే ఉప్పు దానికి కొన్ని రెట్లు ఉంటుంది కనుక, పంటల తట్టుకునే శక్తిని చెప్పే పట్టికలతో ఆ సంఖ్యను నేరుగా పోల్చకూడదు. ఆ పట్టికల కోసం మట్టిని నీటితో ముద్దలా తడిపి, అందులోని నీటిని తీసి కొలిచే సంతృప్త సారపు ఇ.సి. అవసరం. దానిని విడిగా అడగాలి.

మన రాష్ట్రంలో ఉప్పునీటి వినియోగంపై పరిశోధన బాపట్లలో జరుగుతోంది. దేశం మొత్తానికి ఈ పనిని సమన్వయం చేసేది 1969లో ఏర్పడి, కర్నాల్‌లో ఉన్న కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ. ఉత్తరాంధ్ర రైతులకు దగ్గరగా ఉన్నది అనకాపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం. పరీక్ష పత్రం చేతిలో పెట్టుకుని వెళ్ళి అడిగే ప్రశ్నకు దొరికే సలహా, ఎండిన ఆకు చూపించి అడిగే ప్రశ్నకు దొరకదు.

పత్రాన్ని ఎలా చదవాలి

లెక్క కోసం ఒక నీటిని ఊహించుకుందాం. ఇ.సి. 2.1, మిల్లీ ఈక్వివలెంట్లలో కాల్షియం 3, మెగ్నీషియం 5, సోడియం 13, క్లోరైడ్ 13, బైకార్బొనేట్ 6.

ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 0.7 లోపు ఇ.సి. ఉన్న నీటికి ఆంక్ష లేదు, 0.7 నుంచి 3 వరకు జాగ్రత్తతో వాడాలి, 3 దాటితే తీవ్రమైన ఇబ్బంది. మన నీరు మధ్యలో ఉంది. అయితే కర్బూజ ఉప్పును బాగా తట్టుకునే పంట కాదు. సంతృప్త సారపు ఇ.సి. 1 దాటినప్పటి నుంచే దాని దిగుబడి తగ్గడం మొదలై, ఆపై పెరిగే ప్రతి 1కి సుమారు 8.4 శాతం పడిపోతుందని ప్రామాణిక పట్టికలు చెబుతాయి. కొద్దిపాటి నీరు అడుగుకు ఇంకిపోయే మామూలు సేద్యంలో నేల ఇ.సి. నీటి ఇ.సి.కి ఒకటిన్నర రెట్లు ఉంటుందని తీసుకుంటే, మన పొలంలో అది 3.15 దగ్గరకు వస్తుంది. అంటే దాదాపు 18 శాతం దిగుబడి నష్టం. ఇది ఉప్పు ఒక్కదాని వల్ల వచ్చే అంచనా.

తరువాత సోడియం శోషణ నిష్పత్తి చూడాలి. కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్ని రెండుతో భాగించి, దాని వర్గమూలంతో సోడియాన్ని భాగించాలి. మన నీటిలో 8లో సగం 4, దాని వర్గమూలం 2. 13ను 2తో భాగిస్తే 6.5. తేలిక నేలల్లో ఇది వెంటనే మట్టి గట్టిపడేంత సంఖ్య కాదు గాని, కాల్షియం కంటే మెగ్నీషియం ఎక్కువగా ఉండటాన్ని దీనితో కలిపి చూస్తే కాయకు కాల్షియం ఇబ్బంది వచ్చే నీరని అర్థమవుతుంది. మూడవది అవశేష సోడియం కార్బొనేట్: కార్బొనేట్, బైకార్బొనేట్ మొత్తం నుంచి కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్ని తీసివేయాలి. ఇక్కడ 6 నుంచి 8 పోతే మిగులు లేదు. మిగులు 1.25 లోపు ఉంటే ఫరవాలేదు, 2.5 దాటితే సరిచేయకుండా ఆ నీటిని వాడకూడదు.

నీటి ద్వారా వచ్చే ఉప్పు బరువు ఎంతో తెలిస్తే ఎరువుల గురించి ఆలోచించే తీరే మారిపోతుంది. పంట కాలం మొత్తంలో 300 మిల్లీమీటర్ల నీరు పెడితే ఎకరానికి సుమారు 12 లక్షల లీటర్లు. ఇ.సి. 2.1 ఉన్న నీటిలో లీటరుకు 1.3 గ్రాములకు పైగా లవణాలు ఉంటాయి కనుక, ఆ ఎకరంలోకి సుమారు 1,600 కిలోల లవణాలు చేరతాయి. అందులో సోడియమే దాదాపు 360 కిలోలు. అదే ఎకరానికి రైతు ఎరువుల పట్టిక లెక్కన (K₂O) 40 కిలోల పొటాష్ వేశాడనుకుంటే, అందులో అసలు పొటాషియం 33 కిలోలు మాత్రమే. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, మరో బస్తా పొటాష్‌తో ఈ పోరు గెలవలేమని ఎవరికైనా తెలుస్తుంది. సోడియం రాకను, నిల్వను తగ్గించాలి, వేరుకు ఎంచుకునే శక్తినివ్వాలి, ఆ తరువాతే ఎరువు.

ఎరువులను మార్చుకునే పద్ధతి

దుక్కిలో ఎకరానికి 8 నుంచి 10 టన్నుల బాగా చివికిన పశువుల ఎరువు వేయాలి. ఎర్ర ఇసుక నేలల్లో పోషకాలను పట్టి ఉంచే గుణం చాలా తక్కువ. ఆ లోటును కొంతైనా తీర్చేది ఇదే. కోళ్ళ ఎరువులో ఉప్పు ఎక్కువ కనుక ఇటువంటి పొలాల్లో దాని మోతాదు తగ్గించాలి. భాస్వరాన్ని డి.ఎ.పి. రూపంలో కంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో, బోదెల్లో మొక్కల వరుస కిందికి వచ్చేటట్లు వేయడం మేలు. దానితో కాల్షియం, గంధకం కూడా వస్తాయి.

జిప్సం గురించి చాలామందికి ఉన్న అపోహను తొలగించాలి. జిప్సం ఉప్పును తీసివేసే మందు కాదు. అది కాల్షియాన్ని ఇచ్చి, మట్టికి అంటుకున్న సోడియాన్ని విడిపిస్తుంది. విడిపోయిన సోడియాన్ని వేరు కిందికి కడిగేది నీరే. పాలచౌడులో, అంటే కాల్షియం సరిపడా ఉండి కేవలం లవణాలు పేరుకున్న నేలలో, జిప్సం వేస్తే లవణాలు ఇంకా పెరుగుతాయి. సోడియం నిష్పత్తి ఎక్కువగా ఉన్నప్పుడు, మెగ్నీషియం కాల్షియాన్ని మించినప్పుడు, లేదా అవశేష కార్బొనేట్ ఉన్నప్పుడు మాత్రమే అది పని చేస్తుంది. ఈ చివరి సందర్భంలో లెక్క సులభం: తగ్గించవలసిన ప్రతి ఒక మిల్లీ ఈక్వివలెంట్‌కు వెయ్యి లీటర్ల నీటికి 86 గ్రాముల శుద్ధ జిప్సం. 12 లక్షల లీటర్లకు అది సుమారు 103 కిలోలు అవుతుంది. నేలకు వేయవలసిన మోతాదును మాత్రం మట్టి పరీక్షను బట్టే నిర్ణయించాలి.

పైపాటు నత్రజనిని యూరియా, అమ్మోనియం సల్ఫేట్‌ల మీద మాత్రమే ఆధారపడకుండా, అందులో కొంత భాగాన్ని కాల్షియం నైట్రేట్ రూపంలో ఇవ్వాలి. ఇందులో 15.5 శాతం నత్రజని, దాదాపు 19 శాతం కాల్షియం ఉంటాయి. నైట్రేట్ క్లోరైడ్‌కు పోటీగా నిలుస్తుంది, కాల్షియం సోడియానికి అడ్డు పడుతుంది. ఒకే ఎరువు రెండు పనులు చేస్తుంది. తీగ సాగే దశ నుంచి పిందె నిమ్మకాయంత అయ్యే వరకు దీనికి ప్రాధాన్యం ఇవ్వాలి. కాయ ఊరే దశ నుంచి 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్ వైపు మళ్ళాలి. ధర భారమనిపిస్తే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడవచ్చు. ఎరువు నేల నీటిలో ఉప్పును ఎంత పెంచుతుందో చెప్పే ఉప్పు సూచిక మ్యూరేట్‌కు 116 కాగా సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌ది 46 మాత్రమే. కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్ ఎరువులతో గాని భాస్వరం ఎరువులతో గాని ఒకే తొట్టిలో కలపకూడదు. తెల్లటి మడ్డి దిగి డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

డ్రిప్‌లో ఇచ్చే ఎరువు కూడా ఉప్పే అన్న సంగతిని మరువకూడదు. లీటరుకు ఒక గ్రాము కాల్షియం నైట్రేట్ లేదా పొటాషియం నైట్రేట్ కలిపితే ఇ.సి. 1.2 నుంచి 1.3 వరకు పెరుగుతుంది. నీరే 2.1 ఉన్నచోట అది 3.3 దాటిపోతుంది. అందుచేత మొత్తం మోతాదును పెంచకుండా ఎక్కువ విడతలుగా విభజించి, ఒక్కో విడతలో లీటరుకు అర గ్రాము లోపు ఉండేటట్లు చూసుకోవాలి. చేతిలో పట్టే చిన్న ఇ.సి. మీటరు ఒకటి కొనుక్కుని, 1.413 ప్రమాణ ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూసుకుంటూ, డ్రిప్పర్ దగ్గర పడే నీటిని కొలవడం అలవాటు చేసుకుంటే ఈ వివరాలన్నీ మీకే కంటి ముందు కనిపిస్తాయి.

లేత ఆకుల్లో ఇనుము లోపం స్పష్టంగా ఉంటే అన్నభేదిని లీటరుకు 5 గ్రాములు మించకుండా, కొద్దిగా నిమ్మ ఉప్పు చేర్చి, ముందు నాలుగైదు తీగల మీద పిచికారీ చేసి ఆకు మాడదని నిర్ధారించుకున్నాకే పొలమంతా చల్లాలి. పిచికారీకి ఉప్పు బోరు నీరు పనికిరాదు, మంచినీరే వాడాలి. కాల్షియం పిచికారీ ఆకుల మీద పడితే కాయకు చేరదు. చిన్న పిందెలు నేరుగా తడిసేటట్లు కొట్టినప్పుడే కొంత ప్రయోజనం ఉంటుంది. నా ఉద్దేశంలో వేరు దగ్గర కాల్షియం సరిచేయకుండా పిచికారీని నమ్ముకోవడం మంచిది కాదు.

తడి ఇచ్చే తీరు

వేరు దగ్గరి ఉప్పును అడుగుకు కడగడానికి పంట అవసరానికి మించి కొంత నీరు ఇవ్వాలి. నేల ఇ.సి.ని ఎంత దగ్గర నిలపాలనుకుంటున్నామో దానిని ఐదుతో గుణించి, అందులోంచి నీటి ఇ.సి.ని తీసివేసి, వచ్చిన సంఖ్యతో నీటి ఇ.సి.ని భాగిస్తే, పెట్టిన నీటిలో ఎంత వంతు వేరు కిందికి పోవాలో తెలుస్తుంది. మన నీటితో నేలను 2.5 దగ్గర నిలపాలంటే 2.1ని 10.4తో భాగించాలి, అంటే ఐదో వంతు. పంటకు 40 వేల లీటర్లు అవసరమైన చోట 50 వేల లీటర్లు పెట్టాలి. అసలు నష్టమే లేకుండా నేలను 1 దగ్గర నిలపాలని ఆశిస్తే పెట్టిన నీటిలో 72 శాతం వృథాగా దించవలసి వస్తుంది. అంత తోడితే బోరు మరింత ఉప్పవుతుంది. కొంత దిగుబడిని వదులుకుని మధ్యస్థంగా ఆగడమే వివేకం. ఈ కడిగే తడిని ఎరువు విడతకు ముందు రోజు ఇవ్వాలి. ఎరువు వేశాక ఇస్తే ఇసుక నేలలో నైట్రేట్ అంతా వేరును దాటి దిగిపోతుంది.

కాలువల్లో నీరు పారించేవారు బోదె నడినెత్తిన విత్తకూడదు, ఎందుకంటే తేమ ఆవిరయ్యే కొద్దీ ఉప్పు అక్కడికే చేరుతుంది. బోదె పక్కవాలులో, నీటి అంచుకు కొంచెం పైన విత్తాలి. డ్రిప్‌లో ఉప్పు తడిసిన వలయం అంచున తెల్లగా పేరుకుంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో చిన్న వేసవి జల్లు పడితే సంతోషించి మోటారు ఆపేయడం చాలా ప్రమాదకరం, ఎందుకంటే ఆ కొద్దిపాటి వాన అంచున ఉన్న ఉప్పును కరిగించి నేరుగా వేళ్ళ మీదికి తెస్తుంది. చిరుజల్లు పడుతున్నంత సేపు, ఆ తరువాత కొంతసేపు డ్రిప్ నడుస్తూనే ఉండాలి. మల్చింగ్ షీట్ వేస్తే ఆవిరి తగ్గి, ఉప్పు పైకి రావడమూ తగ్గుతుంది. స్ప్రింక్లర్లతో మాత్రం ఈ నీటిని వాడకూడదు. ఆకు క్లోరైడ్‌ను నేరుగా పీల్చుకుని అంచులు మాడుతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర కూడా ఇదే హాని చేస్తుంది కనుక, గాలి వచ్చే వైపు సరుగుడు వరుసలు ఉన్న పొలాలు మెరుగ్గా ఉంటాయి.

పంట కుంటలో కొంత వాన నీరు నిల్వ ఉంటే దానిని బోరు నీటితో రోజూ కలిపి వాడటం కంటే, మొలక దశలో, లేత తీగ దశలో మంచినీరుగానే వాడి, కాయ ఊరే దశకు ఉప్పునీటిని కేటాయించడం మంచిది. మొక్క చిన్నప్పుడే ఉప్పుకు ఎక్కువగా దెబ్బతింటుంది. తీరపు ఇసుకలో లోతు బోరు వేయడం కంటే, పైన తేలుతున్న మంచినీటిని మాత్రమే తీసే దొరువు పద్ధతి మేలు. బాపట్ల పరిశోధకులు దీనిని మెరుగుపరిచి, ఇసుకలో అడ్డంగా రంధ్రాల పైపులు పరిచి, అవి ఒక తొట్టిలోకి నీరు చేర్చేటట్లు రూపొందించారు. నీరు నెమ్మదిగా, పైపైన వస్తుంది కనుక అడుగు ఉప్పు కదలదు.

ఆకు పరీక్ష

తొలి కాయలు కట్టే దశలో తీగ కొన నుంచి ఐదో ఆకును బాగున్న 20, 25 మొక్కల నుంచి తీసి ఒక నమూనాగా, వెనకబడిన తీగల నుంచి అలాగే మరొక నమూనాగా పంపాలి. సముద్రం దగ్గర పొలాల్లో ఆకు మీద గాలి తెచ్చిన ఉప్పు ఉంటుంది కనుక, తీసిన వెంటనే శుద్ధజలంలో త్వరగా ముంచి తీసి, నీడన ఆరబెట్టి, కాగితపు కవరులో ఉంచాలి. లేకపోతే సోడియం సంఖ్య తప్పుగా వస్తుంది. నత్రజని, పొటాషియం, కాల్షియంతో పాటు సోడియం, క్లోరైడ్ కూడా అడగాలి. రెండు నమూనాల్లోనూ పొటాషియం తక్కువే ఉండి, సోడియం, క్లోరైడ్‌లలో తేడా లేకపోతే నిజంగానే పొటాష్ కొరత. బలహీన తీగల్లో మాత్రమే పొటాషియం పడిపోయి సోడియం, క్లోరైడ్ పెరిగి ఉంటే అది నీటి వల్ల వచ్చినది. మొదటి దానికి ఎరువు పరిష్కారం, రెండవ దానికి కడిగే తడి, కాల్షియం పరిష్కారం.

ఏప్రిల్‌లో ఆఖరి కోత అయ్యాక పొలాన్ని అలాగే వదిలేస్తే, వేసవి ఎండకు అడుగు తేమతో పాటు ఉప్పంతా పైకి వచ్చి పొరగా నిలుస్తుంది. లోతు తక్కువగా ఒకసారి దున్ని, గట్లు ఎత్తుగా వేసి, జూన్ నుంచి పడే వాన నీరు బయటికి పోకుండా పొలంలోనే ఇంకేటట్లు చూడాలి. తొలకరితో జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నితే, ఉప్పును తట్టుకుని పెరిగే ఆ పచ్చిరొట్ట డిసెంబరు నాటికి మళ్ళీ విత్తబోయే కర్బూజకు సేంద్రియ పదార్థాన్ని అందిస్తుంది. విత్తే వారం ముందు మళ్ళీ ఒక నీటి సీసా ల్యాబుకు పంపాలి.